ఆరు వందల మిల్లీవోల్టుల గుమ్మం

ఆల్ప్స్ కొండల కింద, యెసెనిత్సె ఉక్కు మిల్లు
లోవ్రో చెవులు రెండూ తనే ఉంచేసుకుని
పింఛను కాగితం చేతిలో పెట్టింది.

అప్పట్నుంచీ
జనవరి మంచులో తేనెపెట్టెని వేలితో తట్టి
లోపల ఏమంటున్నాయో తెలుసుకోవాలంటే
అక్క తోంచ్కాని పిలవాలి.
ఒక్క ఉలికిపాటుతో సద్దుమణిగితే రాణి ఉన్నట్టు.
ఏడుపులా సాగుతూ పోతే లేనట్టు.
"ఏదో జుమ్మంటున్నాయి" అంటుంది తోంచ్కా,
శాలువా బిగించుకుంటూ.
ఏదో అంటే ఏది?

పెన్సిలు రబ్బరంత మైక్రోఫోను
పెట్టె కంతలో దూర్చి
తీగ పట్టుకుని వంటగది దాకా వచ్చాడు.

ముల్లున్న పాత మీటరు కదల్లేదు.
ఎందుకు కదులుతుంది?
వెళ్ళినంతా వెనక్కొచ్చే కరెంటు,
కూడి చూస్తే సున్నా.
సెకనుకి రెండొందల సార్లు
వస్తాననీ పోతాననీ
గడపలోనే ఊగే చుట్టం.

తిరుగుదారి మూసేద్దామని డయోడు పెట్టాడు.
డయోడు సుంకరి.
ఆరు వందల మిల్లీవోల్టులు ముందు కడితేనే
గేటు ఎత్తుతుంది.
తేనెటీగల దగ్గరున్నవి మహా అయితే తొమ్మిది.
జెర్మేనియందైతే కాస్త దయగలది,
రెండొందలకే ఒప్పుకుంటుంది.
తొమ్మిదికి రెండొందలైనా ఆకాశమే.

చివరికి ఎనిమిది కాళ్ళ ఆప్-ఆంప్ చిప్పు తెచ్చి
డయోడుని దాని చుట్టుదారిలో ఇరికించాడు.
ఇప్పుడు సుంకం చిప్పే కడుతుంది
తన జేబులోంచి,
చిన్నవాళ్ళ చేతిలో పైసా ముట్టుకోకుండా.

ముల్లు లేచింది.
లోవ్రో కూడా లేచాడు, కుర్చీ పడింది.
తోంచ్కా మైక్రోఫోను తీగ పీకి చూపించింది.
ముల్లు అక్కడే ఉంది.

గోడల్లో యాభై హెర్ట్జుల గొణుగుడు అది.
ఫ్రిజ్ ఆపారు, ట్యూబ్‌లైటు ఆపారు,
తీగకి రాగి తొడుగు వేశారు.
టార్చి వెలుతురు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ.
ఎంత చేసినా నాలుగో గీత కిందికి రాదు.
"సరే, దీని సున్నా ఇక్కడుంది" అని
మీటరు గాజు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి
తీగ మళ్ళీ కలిపాడు.

తోంచ్కా బూట్లు తొడుక్కుని మంచులోకి వెళ్ళింది.
చచ్చిన వేటగాణ్ణి ఎలుగుబంట్లు మోసుకుపోతున్న
బొమ్మ ఉన్న పెట్టె.
రెండు వేళ్ళతో తట్టింది.

కిటికీలోంచి ముందు ఆమె చెయ్యి చూశాడు,
తర్వాత ముల్లుని.
పదమూడు.
పదకొండు.
పదకొండే.

బయట తోంచ్కా ఏదో అరుస్తోంది,
నోరు కదలడం కనిపిస్తోంది.
ఆగమని చెయ్యెత్తాడు.
ముల్లు ఇంకా చెప్పడం అయిపోలేదు.