గోడ మీద పిల్లి

టిబిలిసిలో మా భూమి రికార్డుల ఆఫీసు
నాలుగో అంతస్తు.
లిఫ్టులో పైకెళ్లాలంటే నాణెం వెయ్యాలి,
దిగడం ఉచితం.
ఒతారి ముసలి కుక్కని భుజానేసుకుని వచ్చిన రోజు
లిఫ్టు రెండో నాణెం అడగలేదు.
లెక్క అడిగింది మేమే.

దాని పేరు గోగ్రా, అంటే గుమ్మడికాయ.
చెవికి పసుపు బిళ్ల,
వీధిలో బతికిన రోజుల్లో మునిసిపాలిటీ కొట్టింది.
వెనక కాళ్లు రెండూ అరిగిపోయాయి.
ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుందట.
పక్క ఫ్లాటువాళ్లు మూడుసార్లు తలుపు కొట్టారు,
నాలుగోసారి పోలీసు కొట్టాడు.
ఇంట్లో చూసుకునేవాళ్లు లేరా అని
మాలో ఎవరం అడగలేదు.
మార్చిలో అందరం స్మశానానికి వెళ్లొచ్చినవాళ్లమే.

మొదటి వారం బాగానే గడిచింది.
పటాల బీరువా కింద పడుకుని
కల్లో ఎవర్నో తరిమేది,
చెక్కనేల మీద గోళ్లు టకటకమనేవి.
అరగజం ద్రాక్షతోట కోసం
పదకొండేళ్లుగా అరుచుకుంటున్న అన్నదమ్ములు
దాని నిద్ర చెడుతుందని గొంతు తగ్గించారు.

రెండో వారం మక్వాలాకి దగ్గు మొదలైంది.
సొరుగులో ఉండే ఇన్‌హేలరు బల్ల మీదికొచ్చింది,
బల్ల మీంచి చేతిలోకొచ్చింది.
ఆమె కుక్కని ఒక్క మాట అనలేదు.
మీటింగులో లేచి నిలబడి ఇంతే అంది:
"నేనూ ఒక ప్రాణిని వెంటబెట్టుకునే వస్తాను, ఒతారీ.
పక్కటెముకల్లో ఉంటుంది.
ముప్పయ్యేళ్లుగా బుజ్జగించి తెస్తున్నాను.
నీదీ నాదీ ఒకే గదిలో ఇమడవు."
ఒతారి తలెత్తలేదు.
పెన్సిలు చెక్కుతూనే ఉన్నాడు,
ముల్లు ఎప్పుడో తేలినా.

ఓటు పెట్టారు.
తొమ్మిది మందికి తొమ్మిది చీటీలు,
పెట్టె బదులు వఖ్తాంగ్ ఉన్నిటోపీ.
లెక్కపెట్టింది నేను.
ఉండాలి, నాలుగు.
వద్దు, నాలుగు.
ఒకటి ఖాళీ.

"కప్పకీ కోపం రాకుండా, పాముకీ కోపం రాకుండా
ఎవరో తెలివైనవాళ్లే!" నవ్వాడు డైరెక్టరు.
ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాను
అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.
రాయబోయినప్పుడల్లా
ఒక చెవిలో దగ్గు,
ఒక చెవిలో గోళ్ల చప్పుడు,
పెన్నులో సిరా మాత్రం నిండుగా ఉంది.
కుక్క కోసం పెట్టిన ఓటులో
గోడ మీద పిల్లిని నేనే.

డైరెక్టరు రూలు రాసి అంటించాడు:
కుక్క గదిలోకి రాకూడదు.
మెట్ల మీద ఉంటే అభ్యంతరం లేదు.

మర్నాడు తొమ్మిదింటికి
మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మలుపులో
ఒక బల్ల, ఒక దీపం, ఒక కోటు,
కోటు లోపల ఒతారి.
రూల్లో కుక్క గురించే ఉంది,
మనిషి గురించి ఏమీ లేదు.

డిసెంబరొచ్చింది.
కిటికీలో అద్దం పోయినచోట అట్టముక్క దోపారు.
పటాలు ఎగిరిపోకుండా
ఒక అంచు మీద రాయి, ఒక అంచు మీద కుక్క తల.
అన్నదమ్ములు ఇప్పుడు మెట్ల మీదే కూర్చుని తగాదా పడుతున్నారు,
గుసగుసగా.
పదకొండింటికి మక్వాలా వస్తుంది
ముక్కుకి స్కార్ఫు చుట్టుకుని.
మూడు మెట్లు పైన టీ గ్లాసు పెట్టి వెళ్లిపోతుంది.
తలుపు మూసిన చప్పుడయ్యాక
ఒతారి లేచి తీసుకుంటాడు.
ఎవరికీ ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేదు.
ఎవరూ గెలిచినట్టూ లేదు.
టీ మాత్రం కాస్త చల్లారుతుంది.

నేను లిఫ్టు మానేశాను.
నాణెం మిగుల్తుందని ఇంట్లో చెప్పాను.
మలుపులో గోగ్రా మెట్టుకి అడ్డంగా పడుకుని ఉంటుంది.
జరగమంటే జరుగుతుందేమో,
అడిగే ముఖం లేదు నాకు.
దాటబోతాను.
సరిగ్గా అప్పుడే ఒక కన్ను తెరుస్తుంది.
తోక ఊపదు, మొరగదు,
చూస్తూ ఉంటుంది కింది నుంచి.
ఒక కాలు దానికి అటు,
ఒక కాలు ఇటు,
నేను.