డగూసా

రేణిగుంటలో విమానం దిగి బయటికొస్తే
లోపలికి పొయ్యేవాళ్ళంతా గుండ్లే.
మొగుడికి గుండు, పెండ్లానికి గుండు,
భుజం మీద నిద్దరపోయే బిడ్డకీ గుండు,
అన్నిటి మీదా పచ్చంగా గంధం.
ఊళ్ళో ఏందో జబ్బు తిరగతా ఉందనుకోని
మెడలో గుడ్డ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకునిందంట ఆ పిల్ల.

ఈ మాట నాకు నెల పొయినంక చెప్పింది, నవ్వతా.
వచ్చిన దినం నవ్వలేదు.

వ్యవసాయ కాలేజీ గేటుకి ఎదురుగా నా మెస్సు.
బోర్డు లేదు. మొగిలక్క కాడ అంటే కుక్కలు గూడా చూపిస్తాయి.
ఆడికృత్తిక ముందురోజు, మధ్యాన్నం మూడు దాటింది,
కూర గిన్నెలు బోర్లించి
చేటలో రాగులు చెరగతా ఉండా.
బయట ఆటో ఆగింది, గొంతులు లేచినాయి.
"కొండకి పొయ్యేవాళ్ళంతా ఆర్నూరు ఇస్తారు" అని వాడు.
"కొండకి కాదు. చదువుకి" అని ఆ పిల్ల, ఇంగ్లీషులో,
ఒక్కో మాటనీ గట్టు మీద పెట్టినట్టు.
చేటతోనే బయటికి పొయినా.
మున్నూటికి తెగింది.

మూడు విమానాలు మారిందంట.
బట్టల పెట్టె యాడో దోవలో నిలిచిపోయింది.
బొంబాయిలో ఆఫీసర్లు
చేతిసంచిలో చిన్న పొట్లం పట్టుకుని
ఇత్తనానికి కాయితం యాడ అన్నారంట.
మనిషికుండాది, ఇత్తనానికి లేదు.
మనిషిని పొమ్మని పొట్లాన్ని పెట్టుకున్నారు.

ఇదంతా జ్ఞానశేఖరు విని చెప్పినాడు, పీజీ పిల్లోడు,
రెండో గ్లాసు మజ్జిగ కోసం కూర్చోనుండాడు.
పేరేందని అడిగితే తిగిస్ట్ అనింది.
రెండుసార్లు పలికినా, పండ్ల సందులో ఇరుక్కునింది.
ఓపిక అని అర్థమంట వాళ్ళ మాటలో.
"సరే ఓపికమ్మా, చెయ్యి కడుక్కో" అన్నా.

కడుక్కోలేదు.
చేట ముందర గొంతుక్కూచోని
రెండేళ్ళతో ఒక గింజ తీసి, ఎండకి పెట్టి చూసి
"డగూసా" అనింది.
తుమ్మిందేమో అనుకున్నా.
"రాగులు" అన్నా.
"డగూసా."
"రాగులమ్మా, రాగులు. మా పులిచెర్ల చేలో పండినయ్యి."
తల అడ్డంగా ఊపింది, పిడికెడు తీసుకునింది,
ఆ పిడికిలిని తెరవనే లేదు.

జ్ఞానశేఖరు గ్లాసు పక్కన పెట్టినాడు.
ఆ గింజ వాళ్ళ కొండల్లోనే పుట్టిందంట,
ఎన్ని వేల ఏండ్ల కిందటో ఓడెక్కి ఈ పక్కకొచ్చిందంట,
దాని వెనకాలే ఇప్పుడీ పిల్ల,
ఆడిదానికీ ఈడిదానికీ ఏం మారిందో చూసి రాసుకోను.

మా అత్త ఉండుంటే
రాగులు పరదేశివి అన్నోణ్ణి చేట తిరగేసి కొట్టేది.
పురిటికీ అదే, పస్తుకీ అదే,
గంగజాతరలో అంబలీ అదే.
నాకు మాత్రం తిక్కతిక్కగా అయ్యింది:
ఇన్నాళ్ళూ నేను కెలికిన సంగటి
సముద్రం దాటొచ్చిందా,
నెల్లూరు గూడా దాటని నా చేతికి?

ముద్ద పెట్టి, ఊరిబిండి వేసి, నెయ్యి పోసినా.
నమలబాకు, మింగు అని గొంతు మీద వేలు పెట్టి చూపించినా.
మొదటి తుంట తుంచింది, ఊరిబిండిలో అద్దింది,
లేచొచ్చి నా నోటి కాడ పెట్టింది.
వాళ్ళ ఊరి మర్యాదంట. కాదంటే తప్పంట.
ఇరవై ఏండ్లుగా వడ్డిస్తా ఉండా,
నోరు ఎట్ల తెరవాలో తెలీలేదు.
ఉప్పు తక్కువ. నా సంగటిలో.
ఆ పొద్దే తెలిసింది.

మూడోనాడు పోలీసాఫీసుకి తోడు పొయినా.
పరదేశి వాళ్ళకి వేరే పుస్తకం ఉండాది.
వచ్చిన పని? అన్నాడు రాసుకునేటోడు. చదువు.
ఉండేది యాడ? మొగిలక్క మిద్దె మీద గది.
ఎన్నాళ్ళు?
"రెండేండ్లు" అనింది ఓపికమ్మ,
నేను నేర్పిన తెలుగులోనే.

రాగులు గూడా మొదట
అట్లే చెప్పుంటాయి.