తూము

రాత్రి రెండున్నర. ఎంజీఎం ఎమర్జెన్సీ థియేటర్.
పేగుకు చిల్లిపడి
నర్సంపేట అవతలి నుంచి ఆటోలో వచ్చిన మనిషి
బల్లమీద ముడుచుకొని
మొలతాడుకు కట్టిన డబ్బీ మాత్రం ఇయ్యనంటున్నాడు.

"బంగారమా ఏంది?" అన్నాడు టెక్నీషియన్ రవూఫ్.
"సున్నం" అన్నాడు ఓదెలు.

డెబ్బైకి రెండేళ్లు తక్కువ.
పాకాల కింద సంగెం కాలువకు నీరటి.
నొప్పికి పళ్లు బిగబట్టి కూడా
ఈ మూడేళ్లలో ఏ ప్రొఫెసరూ అడగనంత సూటిగా
నన్నడిగాడు:
"నన్నెట్ల పండవెడ్తవు బిడ్డా?
యాడ బందు వెడ్తవు?"

సంతకాల కాగితంలో ఆ గడి లేదు.
తలాపున నిలబడి, మాస్కు సర్దుతూ చెప్పాను:
తల నడిమధ్యన ఒక చిన్న చెరువుంది తాతా.
చూపూ వినికిడీ నొప్పీ
అక్కడి నుంచే పారకానికి పోతాయి.
అక్కడ కణం కణానికీ తూములు, కంటికి ఆనవు.
అవి లేస్తే లోపలికి దూకేది నీళ్లు కాదు,
నీ డబ్బీలోదే, సున్నం సారం.
మేం కాల్షియం అంటాం.
అది దూకితేనే ఒక నరం మాట
పక్క నరానికి అందుతుంది.
నేనిచ్చే గాలి ఆ తూముల్ని బిగిస్తుంది.

కళ్లు మూసుకొని లెక్కేసుకున్నాడు.
"మొత్తం బిగియ్యకు.
మొత్తం బిగిస్తే చేను సస్తది.
జానెడు సందియ్యాలె."
తెల్లటి మందు సూదిలోకి ఎక్కుతుంటే
ఇంకోటి అడిగాడు:
"మల్ల తీసేదెవలు?"

జవాబుకు ముందే రెప్పలు వాలాయి.

నాకు తెలిసింది నిజానికి ఇంతే:
వాటిలో కొన్ని చిన్న అలకే లేచే తూములు.
అవి లేకుండా పుట్టించిన చిట్టెలుకలు
మత్తులోకి జారడానికి ఎక్కువసేపు పట్టిందట.
ఆ ఒక్క వాక్యం పట్టుకొని పరీక్ష రాశాను, పాసయ్యాను.
కానీ గాలి తాకే తలుపులు ఇంకా ఉన్నాయి,
కొన్ని మూసుకుంటే కొన్ని తెరుచుకుంటాయి,
వీటిలో ఏది పడితే ఓదెలు
ఓదెలు కాకుండా పోతాడో
అక్కడికొచ్చేసరికి పుస్తకం పేజీ తిప్పేస్తుంది.

మూడూ పదికి బీపీ డెబ్బైకి జారింది.
గుండెకూ తూములుంటాయి.
గాలికి తల ఏదో గుండె ఏదో తెలియదు,
ఎవరి గట్టు ఎవరిదో నీళ్లకు తెలియనట్టే.
జానెడు సందియ్యాలె.
డయల్‌ను రెండు నుంచి ఒకటింబావుకు తిప్పాను.
మెఫెంటర్మిన్ ఆరు మిల్లీగ్రాములు. సెలైన్ జోరు.
ఎనభై రెండు.
తొంభై.
నూట నాలుగు.

సర్జన్ తల ఎత్తలేదు. మంచిదే.
మడి ఎండినప్పుడు తప్ప
నీరటి ముఖం ఎవరు చూస్తారు.

ఐదు కావస్తోంది. కుట్లు అయిపోయాయి.
గాలి ఆపేసి ఆక్సిజన్ ఒక్కటే వదిలాను.
మల్ల తీసేదెవలు?
నేను కాదు తాతా.
నేను చెయ్యి వెనక్కి తీసుకోవడం వరకే.
మందు నీ ఊపిరి పట్టుకొనే వెళ్లిపోతుంది,
వచ్చిన దారినే,
నేను మానిటర్ ముందు నిలబడి చూస్తుంటాను,
కొత్త నీళ్లు ఆఖరి మడికి చేరాయో లేదో
గట్టుమీద నుంచి చూసే రైతులాగా.

ఏ తూము ముందు లేచిందో తెలియదు.
కళ్లకంటే ముందు, పేరు పెట్టి పిలవకముందే,
పట్టీలో ఉన్న కుడిచేతి బొటనవేలు
తన వేళ్లమీదే మెల్లగా తిరగడం మొదలుపెట్టింది,
లేని పొగాకులో
లేని సున్నం నలుపుతూ.

రవూఫ్ జేబు తడుముకున్నాడు.
"ఇప్పుడే ఇయ్యకు" అన్నాను.