తెల్లపావుల వంతు

రాత్రి పదకొండుకి మూడో చెరువు గట్టుమీద
నైలాను మంచం వాల్చుకుని ఫోను తెరుస్తాను.
అప్పటికే ఆట సగంలో ఉంటుంది.
ఎవరో ఎక్కడో ఆడి లేచిపోయిన ఆట,
ఆ ఇద్దరి పేర్లూ నాకు తెలీవు.
వాళ్ళలో ఒకడు చూడక దాటేసిన చోటే
నాకు పజిలు.

కింద ఒక్కటే మాట:
తెల్లపావుల వంతు.

మొదట్లో బుర్రకంటే ముందు వేలు పోయేది.
మంత్రి కనపడితే చాలు, కొట్టెయ్యడమే.
ఎర్రగా వెలిగేది. తప్పు.
నా నంబరు పన్నెండు దిగేది.
నేను ఓడితే పజిలు నంబరు పెరుగుద్దంట,
మా చెల్లెలి కూతురు దీవెన చెప్పింది.
"అదీ ఓ ఆటగాడే మావయ్యా,
నీమీద గెలిచింది కదా మరి."
తొమ్మిదో తరగతి పిల్ల. దానికి నేను శిష్యుణ్ణి.
"ముందు చెక్‌లు చూడు, తర్వాత కొట్టేవి,
తర్వాత బెదిరించేవి.
వేలు ఆఖర్న."

మొన్నొక పజిలు.
నల్లరాజు మూలకి నక్కాడు,
ముందు మూడు బంట్లు, మూడూ తనవే.
తూము లేని చెరువు, గట్టే ఉరి.
నా ఏనుగు ఆఖరి వరసకి దిగితే సరి,
కానీ అక్కడ వాడి ఏనుగు కాపలా.
నా ఉద్యోగమే పాపం, దాని ఉద్యోగమూ.
ఎటు తిప్పినా ఎరుపే.
నాలుగు రాత్రులు పట్టింది నాకు
మంత్రిని తీసుకెళ్ళి ఆ వరసలోనే నిలబెట్టి
చెక్ అనడానికి.
కాపలావాడు కొట్టక తప్పదు, కొట్టాడు.
మంత్రి వెనకే నా ఏనుగు. అయిపోయింది.
పచ్చటి టిక్కు చూసి
రొయ్యలు ఉలిక్కిపడేలా ఓ కేకేశాను.

ఆదివారం ప్రార్థనయ్యాక
దీవెన ప్లాస్టిక్ బల్ల, విరిగిన గుర్రం.
పదకొండో ఎత్తుకే నా మంత్రి పోయింది.
ఆ విరిగిన గుర్రమే, ఒక్క గెంతు,
ఇటు రాజు, అటు మంత్రి.
అలాంటివి ఫోన్లో రెండొందలు చేశాను నేను!
"ఫోను చెబుద్ది మావయ్యా, ఇక్కడ ఏదో ఉందని.
బల్ల చెప్పదు."

ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

ఇంకో రాత్రి, మూడున్నర దాటింది.
ఉప్పుటేరు వైపు నుంచి గాలి పడిపోయింది.
అప్పుడే నీళ్ళలో ఊపిరి తగ్గే వేళ.
నాలుగు ఏరేటర్లూ తిరుగుతున్నాయి,
లైట్లు వెలుగుతున్నాయి,
రాజుగారు ఫోన్ చేస్తే "అంతా బాగుందండి" అనేవాణ్ణే.
కింద ఏ మాటా రాసి లేదు.
ఎందుకో పజిలు మధ్యలో తలెత్తాను.
ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది?
చప్పుడు.
నాలుగు చక్రాల చప్పుట్లో మూడే వినపడుతున్నాయి.
నాలుగోది తిరుగుతోంది గాని నీళ్ళని కొట్టట్లేదు,
రెక్క ఊడి వేలాడుతోంది.
టార్చి వేస్తే ఆ మూల
రొయ్యలు మీసాలు పైకెత్తి తేలుతున్నాయి.

స్పేరు చక్రం లాక్కెళ్ళి దించి, తాడు కట్టి
స్విచ్చి వేసేసరికి ఒళ్ళంతా బురద.
పజిలు అలాగే ఉంది, తెల్లపావుల వంతుగానే.
తడిచేత్తో ముట్టుకుంటే
ఎక్కడో తగిలి తప్పు పడింది.
పన్నెండు పోయాయి.
పోనీ.

మళ్ళీ ఆదివారం మళ్ళీ ఓడిపోయాను.
ముప్పై నాలుగో ఎత్తుకి.
కానీ ఇరవయ్యో ఎత్తు దగ్గర,
నా శకటు ఊరికే ఓ పక్కకి జరిగినచోట,
దీవెన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.
జడ కొస నోట్లో పెట్టుకుంది.
చాలాసేపు నమిలింది.