ముట్టుకోకు, అని రాసి ఉంది

సెప్టెంబర్ పిడుగుకి కార్డూ పోయింది, గోడ మీది స్విచ్చీ పోయింది.
త్బిలిసి నుంచి కొత్తవి వచ్చేసరికి
కనుమ మంచుతో మూసుకుపోయింది.
మెస్తియా దాకా జీపులో, అక్కణ్ణుంచి
బెఖాన్ గుర్రం మీద, మొక్కజొన్నపిండి బస్తాల నడుమ
అరచెయ్యంత అట్టపెట్టె రెండు.

ఉష్‌గులి పైన భూకంప కేంద్రంలో
నేనూ, కట్టెల పొయ్యీ, ఒక ఫ్రీబీఎస్‌డీ పెట్టే.

మొదటి రాత్రి కెర్నల్ కార్డును గుర్తుపట్టలేదు.
హాజరు పట్టీ చదివే మేష్టారిలా
అందరి పేర్లూ పిలిచి, దీని దగ్గరికొచ్చి
ఎవరో ఉన్నారు, ఎవరో తెలీదు, అని
పేజీ తిప్పేసింది.

డ్రైవర్ మాడ్యూల్‌ని చేత్తో ఎక్కించాను.
లోడర్ ఫైల్లో ఒక్క వరస రాసి మళ్ళీ లేపాను.
పలికింది ఈసారి: ఆర్‌ఈ-సున్నా.
కేబుల్ మొదట్లో ఆకుపచ్చ దీపం.

పింగ్ చేస్తే బదులొచ్చింది.
పలకరింపులు పోతున్నాయి, వస్తున్నాయి,
ఉత్తరాలే పోవడం లేదు.
రాత్రి పదకొండుకి పంపాల్సిన కంపన రేఖలు
(కొండ రోజంతా గొణిగినదంతా)
నాలుగు శాతం దగ్గర ఆగి, కదిలి, ఆగి,
తెల్లారేసరికి తొమ్మిది.

కొత్తగా వచ్చినవాణ్ణే కదా ముందు అనుమానిస్తాం.
చెక్‌సమ్ పని కార్డు చేతుల్లోంచి లాక్కున్నాను.
తయారుచేసినవాళ్ళ సొంత డ్రైవర్ తెప్పించాను,
పెన్‌డ్రైవ్‌లో, అదే గుర్రం మీద.
మూడు కేబుళ్ళు మార్చాను.
నెట్‌స్టాట్‌లో తప్పుల అంకె
ఆగిన టాక్సీలో మీటరులా తిరుగుతూనే ఉంది.

ఐదో రోజు జోకియాకి ఫోన్ చేశాను.
ఇరవై రెండేళ్ళు ఈ గదిలో కూర్చున్నవాడు,
ఇప్పుడు జుగ్దిదిలో హేజెల్ కాయల తోట చూసుకుంటున్నాడు.
"కొత్త కార్డు పెట్టాను" అన్నాను.
"ఈ ఏడు పురుగు పట్టింది" అన్నాడు.
"చిన్న ప్యాకెట్లు పోతున్నాయి గానీ..."
"మందు కొట్టినా చావదు, అసలా పురుగు..."
ఆగాను. ఆయన మాట్లాడుతున్నాడు కదా అని.
మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాను. "కొత్త కార్డు..."
ఆయన ఆగడు. ఎప్పుడూ ఆగలేదు.
పొగరు కాదది;
రెండు వైపులా దారి ఖాళీయేనని ఆయన నమ్మకం.

మూడోసారి నా వాక్యం సగంలో విరిగినప్పుడు
ఫోను చెవి దగ్గరే ఉంది,
కళ్ళు తెర మీదికి పోయాయి.

ఆర్‌సీ-కాన్ఫ్‌లో కార్డు పేరు పక్కన
వంద మెగాబిట్లు, ఫుల్ డ్యూప్లెక్స్.
పైన హాష్ గుర్తు, దాని వెనక:
ముట్టుకోకు. రెండువేల తొమ్మిది చలికాలం. జోకియా.
కార్డు పేరు మాత్రం మార్చి
మిగతాది అలాగే ఉంచింది నేనే.

ఆనాటి స్విచ్‌కి బేరమాడటం చేతకాదు.
చెప్పినట్టు వినేది. ఆ వరస ఆనాడు నిజం.
కొత్తది ముందు అడుగుతుంది:
నీ వేగమెంత? వంతులవారీగానా, ఇద్దరం ఒకేసారా?
మా వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు,
అన్నీ తేల్చేసుకున్నవాళ్ళం కదా.
బదులు రానప్పుడు మొహమాటస్తులు చేసేదే అదీ చేసింది.
సగానికి తగ్గింది.
నోరు తెరిచేముందు ఆగి విన్నది.
మేం మొదలెడితే మానుకుంది,
మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది.
చిన్న మాటలు సందుల్లోంచి దూరిపోయాయి,
పెద్దవే గుద్దుకుని ముక్కలయ్యాయి.

"జోకియా, పురుగు దొరికింది" అన్నాను.
"ఏ మందు?" అన్నాడు. మొదటిసారి ఆగి విన్నాడు.

ఆయన వరస చెరపలేదు.
ముందొక హాష్ పెట్టి నిద్రపుచ్చాను.
కింద నాది:
వాళ్ళిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోనీ. నజిబ్రోలా.

ఫైలు ఒక్క ఊపున కిందికి దిగిపోయింది.
అందులో మంగళవారం వేకువన మూడింటికి
ష్ఖారా వైపు మంచు పగిలిన గీత ఒకటుంది.
త్బిలిసిలో ఎవరో
ఐదు రోజులు ఆలస్యంగా ఉలిక్కిపడి ఉంటారు.