కాడు అన్న మాట

వసంతనగర్‌లో ఆ హాలు. కిటికీ అవతల
వానచెట్టు కొమ్మల్లోంచి నిన్నటి వాన ఇంకా రాలుతోంది.
లోపల పొడుగు బల్ల, ఒక్కొక్కరి ముందు ఒక పేరట్ట.
నాకు పేరట్ట లేదు. మైకు ఉంది.
ఒకరి మాట ఇంకొకరి చెవిలో పోయడం నా పని,
కన్నడం, తమిళం, మలయాళం, గంటకింతని.
తెలుగు మా ఇంట్లో భాష. దానికెప్పుడూ బిల్లు రాయలేదు.

ఈరోజు రాయాలి.
రోడ్డు కాంట్రాక్టరు ఓబులేసు గారిది ప్రొద్దుటూరు.
మూడు రాష్ట్రాలు మోకాళ్లు తగిలించుకుని కూర్చున్న చోట
పదకొండు కిలోమీటర్లు వెడల్పు చేసే పని ఆయనది.
"నాకు తెలుగులో చెప్పమ్మా,
తిట్టినా తెలుగులోనే చెప్పు" అన్నాడు.

మొదటి మాటకే తడబడ్డాను: స్టేక్‌హోల్డర్.
కన్నడంలో పాలుదారరు అన్నాను.
మనకూ పాలంటే వాటాయే కదా.
బల్ల చివర తేనె దింపే బొమ్మి తలెత్తింది:
"ఎవరు పోయారని, పాలు పంచుకుంటున్నారు?"
హాలు నవ్వింది. ఒక్కసారిగా కాదు,
నేను చెప్పుకుంటూ పోయిన కొద్దీ
ఒక్కో భాషా ఒక్కోసారి.

ముగ్గురు అధికారులు మూడు పటాలు పరిచారు.
ప్రతి పటంలో పచ్చరంగు తన గీత దగ్గర ఆగిపోయింది.
గీత దాటితే తెల్ల కాగితం,
అక్కడ ఎన్నడూ వాన పడనట్టు.
ఎస్టేటు మొణ్ణప్ప గారు ఏనుగుల లెక్క చదివారు,
విరిగిన కాఫీ మొక్కల లెక్క, రాని పరిహారం లెక్క.
బ్యాంకు నుంచి వచ్చినాయన గాలిని టన్నుల్లో తూచాడు.
జిస్మోళ్ ఒక హార్న్‌బిల్ వెనక ఆరేళ్లు తిరిగిన పిల్ల.
అది కేరళలో అడవి జాజికాయ మింగి
కర్ణాటకలో గింజ కక్కుతుందట.
"మొలిచిన మొక్క ఎవరి ఖాతా?" అంది.
ఎవరూ రాసుకోలేదు. టీ వచ్చింది.

ఆ తర్వాత బొమ్మి వంతు.
తన అక్క గీతకు అవతల ఉంటుంది.
అక్కడి లెక్కల్లో వాళ్ల కులానికి ఒక పేరు,
ఇక్కడి లెక్కల్లో ఇంకో పేరు.
ఒకే తల్లి పాలు తాగి రెండు జాబితాలకెక్కారు.
పులి కోసమని వీళ్లను రోడ్డు పక్కకి దించారు,
రేకుల ఇల్లు, కుళాయి, ఒక నంబరు.
"పగలు కాళ్లు నా మాట వింటాయి" అంది.
"రాత్రి వినవు."

అదంతా ఓబులేసు గారి చెవిలో మెల్లగా చెప్పాను.
ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
"మా నాయన కడాకు ఇదే అంటాండె" అన్నాడు,
"ఊరు పొమ్మంటాది, కాడు రమ్మంటాది."

గొంతు తగ్గించే అన్నాడు. అయినా
మైకు మూయడం మరిచాను.
కాడు.
బల్ల చుట్టూ మూడు భాషల తలలూ కదిలాయి,
ఇంతసేపటికి అందరికీ ఒకేసారి.
వాళ్లందరికీ అది అడవి.
మనకు ఊరి చివర, కట్టెలు పేర్చే చోటు.

బొమ్మి ముఖం విప్పారింది.
చెయ్యి చాపి, సరిగ్గా ఆయన వైపే చూపించి
"హౌదు" అంది. "కరీతదె."
అవును, పిలుస్తుంది.

"ఏమంటాందమ్మా ఆ అవ్వ?"

పంతొమ్మిదేళ్లలో
ఒక మాటను పళ్ల మధ్య ఆపింది ఇదే మొదలు.
శ్మశానం అనుకున్నారు మీరు అని ఆమెకు చెప్పనా?
అడవి అనుకుంది ఆమె అని ఈయనకు చెప్పనా?

"మీరన్నది నిజమేనంటోంది" అన్నాను.

ఆయన తన కాగితం మీద రోడ్డు గీతను
చాలాసేపు చూశాడు. ఏమీ మార్చలేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే.
బయట వాన మళ్లీ మొదలైంది.
బిల్లులో తెలుగు దగ్గర ఒక గంట అని రాసి
కొట్టేశాను.