కుట్టుమిషను టికెట్టు

మదరాసు బ్రాడ్వేలో ఎర్రబస్సు ఎక్కినప్పుడు
కండక్టరు నా కాళ్ల సందులోని పెట్టెను చెప్పుతో తట్టి
"కుట్టుమిషనా?" అన్నాడు.
కంప్యూటరన్నాను.
వెనకసీటు ముసలామె వక్క కొరకడం ఆపింది.
"అట్లాంటి పేరు నా పుస్తకంలో లేదు నాయనా."
రెండు రూపాయల లగేజీ టికెట్టు చించి
వెనకాల పెన్సిలుతో రాశాడు:
కుట్టుమిషను, ఒకటి.

పన్నెండు కిలోలు.
చేత పట్టుకుపోదగినది అని కంపెనీ కాగితంలో ఉంది.
ఎవరి చేత అన్నది రాయలేదు.
ఇరవైమూడేళ్ల చెయ్యి నాది,
నెలకు ఆరువందల యాభై, బేటా వేరే.

రాణిపేటలో తోళ్ల వాసన,
అది దాటినాక గుంతలు.
గుంతగుంతకీ లోపలేదో ఊడినట్టు వినిపించి
ఒళ్లోకి ఎత్తుకున్నాను.
బిడ్డకు జరమా అన్నట్టు చూశాడు పక్కసీటాయన.

చిత్తూరు బెల్లం మండీలో
మొదట ఈగలు పలకరించాయి,
తర్వాత గుమాస్తా ధనకోటి,
చివరగా, గల్లాపెట్టె వెనకనించి లేవకుండానే, చెంగల్రాయ మొదలి.

మూత ఊడదీస్తే ఆ మూతే కీబోర్డు.
నడుమ పోస్టుకార్డంతయినా లేని అద్దం,
అటొక నోరు, ఇటొక నోరు, ఫ్లాపీలు మింగడానికి.
వైరు గోడదాకా అందలేదు.
నన్నూ పెట్టెనూ కాటా పక్కకు జరిపి
బల్బు హోల్డరులోంచి కరెంటు లాగారు.

పచ్చటి అక్షరాలు.
హమాలీలు బస్తాలు దించి వచ్చి నిలబడ్డారు.
రైతు గుర్రప్ప, ముప్పైఏడు బస్తాలు,
తూకం, ధర, కమీషను, దించిన కూలి,
ఒక్కొక్కటే కొట్టాను.
ధనకోటి నా భుజం మీదుగా వంగాడు.
"మొత్తం యాడబ్బా?"
కుడిపక్క ఉందన్నాను. కాగితం వెడల్పు, అద్దం ఇరుకు,
జరిపితే వస్తుంది.
జరిపాను.
మొత్తం వచ్చింది. గుర్రప్ప ఎడమవైపు జారిపోయాడు.
"పేరు?"
మళ్లీ జరపాలి.
"అట్లయితే దుడ్డు కనపడితే మనిషి కనపడడు,
మనిషి కనపడితే దుడ్డు కనపడదు."
మొదలి కడుపు ఊగేలా నవ్వాడు.
"ఈడ రోజూ జరగతా ఉండేది అదే కదరా!"

అసలు గుర్రప్ప గడప అవతల
తలగుడ్డ పరుచుకుని గొంతుక్కూచుని ఉన్నాడు.
ఆయన పేరు ఇంగ్లీషులో వెలిగిందని
ఎవరూ పిలిచి చూపించలేదు. నేనూ.

పదకొండుంబావుకు కరెంటు పోయింది.
బ్యాటరీ లేదా అని ఒక్కరూ అడగలేదు,
అలా అడగొచ్చని అప్పటికి ఎవరికీ తెలీదు.
ముప్పైఏడు బస్తాలూ అద్దం నడిమధ్యకు ముడుచుకుని
ఒక చుక్కై
ఆరిపోయాయి.

ధనకోటి చెవి మీది పెన్సిలు తీసి
ముక్కాలు ఎక్కం గొణుక్కుంటూ
అట్టముక్క మీద కూడాడు.
గడపకేసి తిరిగి గట్టిగా చదివాడు.
నేను చూసిన అంకెకు నలభైరెండు రూపాయలు తక్కువ.

నాకేసి చూశాడు.
నేను అద్దంకేసి చూశాను.
అందులో నా మొహం, దాని మీద ఒక ఈగ.

గుర్రప్ప నోట్లు లెక్కపెట్టుకోలేదు.
తలగుడ్డలో ముడేసి, లేస్తూ, పెట్టెను చూపించి అడిగాడు
"నిజం చెప్తాదా సామీ అది?"
"కరెంటుంటే" అన్నాను.
అందరూ నవ్వారు. నేను కూడా.

వాళ్లు కొనలేదు. ఆ మాట పోస్టుకార్డు మీద రాసి కంపెనీకి పంపాను.
ఇంకో నాలుగేళ్లు ఆ బరువునే
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలకీ రైసుమిల్లులకీ మోశాను,
ఒక్కటి అమ్మాను, అదీ వాయిదాల మీద.
ఇప్పుడు నా సంచిలో ఉన్నది కిలో తూగదు,
కరెంటు పోయినా పట్టించుకోదు.

మొన్న గిరింపేటలో చొక్కాకు కొలతలిస్తుంటే
టైలరు దస్తగిరి టేపు రెండుసార్లు పెట్టి చూశాడు.
"కుడిభుజం అరంగుళం దిగిందన్నా,
ఏం మోసినావు?"

కుట్టుమిషను అన్నాను.